చీజుకొట్లో జిగినీ బందిపోటు

జాబెజ్ పిల్చర్ రోజూ చీజులు తిప్పడం మొదలుపెట్టినప్పుడే అతని భార్య కెజియాకి అనుమానం వచ్చింది.

చీజు దిమ్మల్ని తిప్పాలి, నిజమే. అడుగున చెమ్మ చేరకుండా వారానికి రెండు మూడుసార్లు బోర్లించి పెట్టాలి. హాక్స్‌టన్ వీధిలో పదిహేనేళ్ళుగా చీజుకొట్టు నడుపుతున్న జాబెజ్ ఆ పని ఎగ్గొట్టడానికి చెప్పని సాకు లేదు. నడుం పట్టేసిందన్నాడు, మోకాలు వాచిందన్నాడు, ఒకసారైతే మంచి నిద్రలో ఉన్న దిమ్మని లేపడం పాపమన్నాడు. అలాంటి మనిషి నవంబరు నుంచి, మధ్యాహ్నం భోజనం కాగానే తనంతట తనే నేలమాళిగలోకి దిగుతున్నాడు. దిగినవాడు గంటన్నర దాకా పైకి రావడం లేదు.

"ఏమండీ, రోజూ ఇలా తిప్పితే వాటికి కళ్ళు తిరగవూ?" అంది కెజియా.

"వ్యాపారం సంగతి నీకేం తెలుసే. మంచి చీజు పసిబిడ్డతో సమానం. కనిపెట్టుకుని ఉండాలి."

"మన హెస్టర్ పసిబిడ్డగా ఉన్నప్పుడు ఒక్కసారైనా ఎత్తుకుని తిప్పారా? దానికి పెళ్ళి కూడా అయిపోయింది."

జాబెజ్ వినపడనట్టు మెట్లు దిగిపోయాడు. వినపడకపోవడంలో అతనికి ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

నేలమాళిగలో, వీధి జాలీ కిటికీలోంచి వెలుతురు పడే మూల, పాత చీజు పెట్టె మీద అసలు రహస్యం నిలబడి ఉంది. కాళ్ళు ఎడంగా చాపి, ఒక చేత్తో కత్తి ఎత్తి, రెండో చేత్తో నడుం పట్టుకుని, కోర మీసాలతో. సిసిలీ బందిపోటు స్పలాంట్రో. ఆ వేషంలో ఉన్నది మన పేటలోని లాంతర్ థియేటర్ మహానటుడు గ్రాండిసన్ వేల్.

అది అచ్చుబొమ్మ. ఒట్టిదైతే ఒక పెన్నీ, రంగులేసిందైతే రెండు. ఒట్టిది కొనుక్కొచ్చి, దానికి బంగారు రేకు చుక్కలు, వెండి నక్షత్రాలు, తళుకు కవచాలు, పట్టు, ముఖమల్, ఈకలు అంటించి, కాగితం మీది నటుణ్ణి రాజాధిరాజుని చేసి గోడకి తగిలించడమే జిగినీ పని. విలియం రాజుగారి కాలంలో హాక్స్‌టన్‌లో ఈ పిచ్చి పట్టని ఇల్లు లేదు. రొట్టెలవాడి ఇంట్లో ఒక హంతకుడు మెరుస్తుంటే, బొగ్గులవాడి ఇంట్లో ఒక చక్రవర్తి మెరిసేవాడు. లండన్‌లో సూర్యుడు కనపడని రోజుల్లో కూడా ఆ వీధికి వెలుగుకి లోటుండేది కాదు, అదీ ఆ వీధి గొప్ప.

ఏటా ఏప్రిల్లో వేల్ గారి పేరు మీద ప్రత్యేక ప్రదర్శన ఉంటుంది. ఆ శనివారం మధ్యాహ్నం పేటలో అందరూ తమ జిగినీ బొమ్మలు తెచ్చి థియేటర్ హాల్లో పెడతారు. వేల్ గారు స్వయంగా చూసి ఒకటి ఎంచుతారు. ఎంచిన బొమ్మ ఏడాదిపాటు ఆ హాల్లో గ్యాసుదీపం కింద ఉంటుంది. దాని కింద చేసినవాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది.

జాబెజ్‌కి కావలసింది ఆ పేరే. అతని కొట్టు బోర్డు మీద "పిల్చర్ అండ్ సన్" అని ఉంది. అందులో పిల్చర్ వాళ్ళ నాన్న. నాన్న పోయి పన్నెండేళ్ళయినా, జాబెజ్ నెత్తి మీద జుట్టు పల్చబడినా, బోర్డు ప్రకారం అతను ఇప్పటికీ కొడుకే. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా "కొడుకు గారూ, అర పౌను కోయండి" అనేవాళ్ళు. చచ్చేలోగా ఒక్కసారి తన పేరు తనదిగా ఒక గోడ మీద చూసుకోవాలని అతని కోరిక.

అడ్డం వచ్చింది పక్క కొట్టు థాడియస్ స్నెల్. స్నెల్ శవపేటికలు చేస్తాడు. ముఖమల్ అతనికి తానుల్లో ఉంటుంది. ఇత్తడి మేకులు డబ్బాల్లో, రేకుతో అచ్చుకొట్టిన దేవదూతలు బుట్టల్లో ఉంటాయి. అన్నీ ఉన్నవాడు మూడేళ్ళుగా వరసగా గెలుస్తున్నాడు. గెలిస్తే గెలిచాడు, గెలిచాక ఊరుకోడు.

"పిల్చర్ గారూ, మీరేం దిగులు పడకండి," అనేవాడు. "ఎప్పుడో ఒకప్పుడు మీరూ మా కొట్టుకి రాక తప్పదు కదా. ఆ రోజు మీకూ నంబర్ వన్ ముఖమలే వేస్తాను."

జాబెజ్‌కి ముఖమల్ లేదు. పైగా ఒక ప్రమాణం ఉంది. కిందటేడు తుమ్మ జిగురు గిన్నెని అతను వంటింట్లో పుడ్డింగు గిన్నె పక్కన పెట్టాడు. ఏ గిన్నెలోది ఎందులో పడిందో గాని, ఆ ఆదివారం భోజనానికి వచ్చిన పాదిరి గారు పుడ్డింగు నోట్లో పెట్టుకున్నాక సాయంత్రం ప్రార్థన దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్ళో చాలామంది అదే ఆయన చేసిన మంచి ప్రసంగం అన్నారు. కెజియా మాత్రం బైబిలు తెచ్చి ముందు పెట్టి, "ఇక జన్మలో ఈ ఇంట్లోకి జిగురు తేను" అని మొగుడి చేత ప్రమాణం చేయించింది.

ప్రమాణం తప్పే మనిషి కాదు జాబెజ్. జిగురు తేకూడదు, అంతే కదా? చీజు తెచ్చుకోవడం మీద నిషేధం లేదు. ముదురు చీజుని వేడినీళ్ళలో నానబెట్టి సున్నం కలిపి పిసికితే వడ్రంగులు కుర్చీలు అంటించుకునేంత గట్టి బంక అవుతుంది. సున్నం ఎక్కువైతే రేకు మెరుపు చస్తుందని చిటికెడే వేసి, మిగతాదంతా చీజే వేశాడు. ఇంత తెలివి తనకి ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందా అని తనే ఆశ్చర్యపోయాడు.

ఇక ముఖమల్. కెజియా ఆదివారం వేసుకునే పైకోటుకి కాలరు లోపల నాలుగు వేళ్ళ ముక్క ఉంది. ఎవరూ చూడరు. బందిపోటుకి నిక్కరు అయింది. ఆవిడ పెళ్ళి గౌను అంచు లోపల మడత పట్టు ఉంది. బందిపోటుకి నడికట్టు అయింది. టోపీలో ఈక కొస బందిపోటు టోపీకి ఎక్కింది. ఇక బూట్లకి మెత్తని తోలు కావలసి వచ్చింది.

"ఏమండీ, నా చేతితొడుగుకి బొటనవేలు లేదు."

"ఎలుకలే కెజియా! ఈ ఏడు మరీ ఎక్కువయ్యాయి."

"ఎలుక బొటనవేలు ఒక్కటే తిని పోయిందా?"

"దాని ఆకలి అంతే అయ్యుంటుంది."

"కత్తెరతో కోసినట్టు సాఫీగా ఉందే!"

"లండన్ ఎలుకలే మరి. పళ్ళు నూరుకునే వస్తాయి."

కెజియా చేతితొడుగుని అటూ ఇటూ తిప్పి చూసి, మొగుడి వేళ్ళకి అంటుకున్న బంగారు చుక్కని కూడా చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనని సందర్భాలు మూడే ఉన్నాయి. మూడుసార్లూ తరవాత నష్టపోయింది జాబెజే. ఆ లెక్క అతనికి అప్పుడు గుర్తు రాలేదు.

జనవరిలో ఒక వింత జరిగింది. జాబెజ్ తన పెళ్ళినాటి వెయిస్ట్‌కోటు తీసి చూసుకుంటే వీపు ముక్క లేదు. పసుపుపచ్చ పట్టు మీద చిన్న చిన్న గులాబీలు, ఎంత ముద్దొచ్చే కోటు! పొట్ట పెరిగి పదేళ్ళుగా వేసుకోకపోయినా ప్రాణం దాని మీదే.

"కెజీ! నా కోటుకి వీపు ఏదీ?"

"ఎలుకలండీ," అంది కెజియా, చీజు తూస్తూ. "మీరే అన్నారుగా, ఈ ఏడు ఎక్కువని."

ఫిబ్రవరిలో ఆదివారం బూట్లలో ఒకదానికి నాలుక పోయింది. మార్చిలో నీలం కోటుకి మూడు ఇత్తడి గుండీలు పోయాయి.

"గుండీలు కూడా తింటాయిటే?"

"లండన్ ఎలుకలు కదండీ."

తను కల్పించిన ఎలుకలు నిజంగా వచ్చేశాయని జాబెజ్‌కి భయం పట్టుకుంది. అబద్ధం ఆడినందుకు దేవుడు వాటిని ప్రత్యేకంగా పంపాడేమో అనుకున్నాడు. ఆ రోజు నుంచి చేతికర్ర పుచ్చుకుని, మెట్టు మెట్టుకీ కాలు దడదడా కొడుతూ నేలమాళిగలోకి దిగేవాడు. పైన కౌంటరు దగ్గర కెజియా ఆ చప్పుడు విని, ఇక గంటన్నర దాకా రాడని తెలుసుకుని, సొరుగు లాగేది.

ప్రదర్శన ఇక మూడు రోజులే ఉందనగా స్పలాంట్రో తయారయ్యాడు. రొమ్ము మీద డెబ్బై నక్షత్రాలు, భుజం మీద సింహం తల. అంటించిన దాని మీద అంటించి, దాని మీద మళ్ళీ అంటించేసరికి బందిపోటు పొట్ట జాబెజ్ పొట్టకంటే ముందుకొచ్చింది. జాబెజ్ కళ్ళకి అది వైభవంలా కనిపించింది. వేల్ గారు తనని కౌగిలించుకున్నట్టు, స్నెల్ తన ముఖమల్లో ముఖం దాచుకున్నట్టు ఊహించుకుని ఆ పూట రెండు కప్పుల టీ ఎక్కువ తాగాడు.

మర్నాడు పొద్దున, కొట్టు నిండా జనం ఉండగా, ఎలుకలు పట్టే మగ్గిన్స్ వచ్చాడు. చంకలో డచెస్ అనే బొచ్చు కుక్కపిల్ల.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" జాబెజ్ గొంతు కీచుమంది.

"నేనే రమ్మన్నాను," అంది కెజియా. "మీ కోటు పోయింది, నా తొడుగు పోయింది. రేపు మీ చీజులు పోతే?"

"వద్దు! ఎలుకలు లేవు! ఒక్కటీ లేదు!"

"నాలుగు నెలలుగా మీరేగా ఉన్నాయంటున్నారు?"

క్యూలో ఉన్న ఆడవాళ్ళు చీజుకొట్లో ఎలుకలు అన్నమాట విని సంచులు వెనక్కి లాక్కున్నారు. ఉన్నాయంటే కొట్టు మునుగుతుంది, లేవంటే తను మునుగుతాడు. జాబెజ్ ఎటూ తేల్చుకోలేక నేలమాళిగ తలుపుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ముక్కు ఎగబీల్చిన డచెస్ అతని కాళ్ళ సందులోంచి దూరి కిందకి దూకింది.

కింద ఒక మొరుగు వినపడింది. తరవాత ఏదో చిరిగింది. తరవాత చప్పరిస్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

డచెస్ పైకి వచ్చేసరికి దాని మూతి నిండా బంగారు చుక్కలు. మీసాలకి వెండి నక్షత్రాలు. నెత్తి మీద, కుడి చెవి పక్కన, టోపీ ఈక. నోట్లో సిసిలీ బందిపోటు ఎడమ కాలు. కొట్టు మధ్యలో నిలబడి, క్యూ వంక గర్వంగా చూసి, ఆ కాలు మింగేసింది.

"ముప్పై ఏళ్ళుగా ఎలుకలు పడుతున్నానమ్మా," అన్నాడు కిందకి వెళ్ళి వచ్చిన మగ్గిన్స్, టోపీ తీసి. "కింద ఎలుక పెంట కూడా లేదు. ఒక కత్తెర ఉంది, ఒక బ్రష్షు ఉంది, చీజు వాసనేసే కాగితం బొమ్మ ఒకటి ఉంది. దాన్ని పైనుంచి నడుం దాకా మా డచెస్సే తినేసింది, కాళ్ళలో ఒకటి మిగిలింది. మన్నించాలి."

కెజియా వంగి, కుక్క చెవి పక్క నుంచి ఈక తీసి, దులిపి, మొగుడి ముందు పట్టుకుంది.

"ఎలుక దొరికిందండీ," అంది.

క్యూ అంతా గొల్లుమంది. జాబెజ్ ఒక చీజు పెట్టె మీద కూలబడ్డాడు. ఐదు నెలలు! డెబ్బై నక్షత్రాలు! అతనికి నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

జనం వెళ్ళాక కెజియా మెల్లగా అడిగింది: "జిగురు తేనని ప్రమాణం చేశారు కదా?"

"తేలేదే. చీజుతో అంటించాను."

"చీజుతోనా!"

కెజియా కౌంటరు పట్టుకుని నవ్వింది. చీజుకొట్లో, చీజుతో అంటించి, ఎలుకలున్నాయని చాటిన మొగుణ్ణి చూసి, కడుపు చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఆ తరవాత అతని భుజం మీద చెయ్యి వేసింది.

"శనివారం థియేటర్‌కి వెళ్దాం పదండి."

"ఎందుకూ? స్నెల్ పళ్ళు చూడ్డానికా? వేసుకోవడానికి మంచి కోటు కూడా లేదు. ఎలుకలు..."

తనే ఎలుక అని తేలిపోయాక తన కోటు ఎవరు తిన్నారన్న ప్రశ్న అతనికి తట్టాలి. కాని దుఃఖంలో ఉన్నాడు పాపం, తట్టలేదు.

శనివారం లాంతర్ థియేటర్ హాల్లో పదహారు బొమ్మలు గోడకి వరసగా ఉన్నాయి. హాలంతా ధగధగలాడుతోంది. పేట పేటంతా మంచి బట్టలేసుకుని వచ్చి, ఎవరి బొమ్మ ముందు వాళ్ళు పెళ్ళికూతురి తండ్రుల్లా నిలబడ్డారు. జాబెజ్ ఒక్కడికే నిలబడ్డానికి చోటు లేదు. ఒక స్తంభం వెనక దూరి, టోపీ నలుపుతూ ఉండిపోయాడు.

వేల్ గారు వచ్చారు. వేదిక మీద తాటిచెట్టంత ఉండే మనిషి, కింద నిలబడితే కెజియా భుజానికి వచ్చారు. ఒక్కొక్క బొమ్మే చూసుకుంటూ స్నెల్ బొమ్మ దగ్గర ఆగారు. నల్లటి ముఖమల్, నాలుగు వైపులా ఇత్తడి మేకులు, తల దగ్గర ఇద్దరు రేకు దేవదూతలు. అద్భుతంగా ఉంది, కాదనలేం.

"ఇందులో నేను మరీ... ప్రశాంతంగా ఉన్నాను," అన్నారు వేల్ గారు. "మీరేం పని చేస్తారు?"

"శవపేటికలు చేస్తానండి," అన్నాడు స్నెల్ వినయంగా. "ఎప్పుడు అవసరమైనా..."

వేల్ గారి ముఖం పాలిపోయింది. అక్కణ్ణుంచి రెండు అంగల్లో చివరి బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి.

అందులోనూ స్పలాంట్రోనే. కాని బొమ్మ మీద బట్ట ఏదీ అంటించి లేదు. కోటు ఉన్న మేర కాగితాన్ని సన్నగా కోసేసి, వెనక నుంచి పట్టు పెట్టారు. నిజంగా కోటు తొడిగినట్టే ఉంది, మడతలు కూడా పడ్డాయి. ముఖాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నడుం సన్నగా ఉంది. బంగారు చుక్కలు అవసరమైన చోటే, కత్తి అంచు మీద, చెవిపోగు మీద ఉన్నాయి.

"ఇదీ నేను!" అన్నారు వేల్ గారు, నాలుగో అంకం గొంతుతో. "చేసిందెవరు?"

మేనేజరు బొమ్మని తిప్పి వెనక చూశాడు. "పిల్చర్!"

స్తంభం వెనక జాబెజ్ గుండె ఎగిరి గంతేసింది. అర్థమైపోయింది! తన కెజియా, బంగారు కెజియా, కుక్క మిగిల్చిన ముక్కలు ఏరి, బాగుచేసి, మొగుడి పేరున తెచ్చి పెట్టింది! జాబెజ్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. వేల్ గారికి వంగి దండం పెట్టాడు. కుడివైపు పెట్టాడు, ఎడమవైపు పెట్టాడు, స్నెల్ వైపు కాస్త ఎక్కువసేపు పెట్టాడు.

"మహాజనులారా! ఈ బొమ్మ వెనక ఐదు నెలల చెమట ఉంది. చేతిపని మా వంశంలోనే ఉంది. ఈ కోటు పట్టు చూడండి, పసుపుపచ్చ మీద చిన్న చిన్న గులాబీలు, ఇలాంటిది నేను నా పెళ్ళికి..."

జాబెజ్ కళ్ళు చిట్లించి దగ్గరికి వంగి చూశాడు. బందిపోటు నడికట్టు మీద మూడు ఇత్తడి గుండీలు ఉన్నాయి. బూట్ల తోలు కూడా ఎక్కడో చూసినట్టే ఉంది.

"తమరి పేరు కెజియానా సార్?" అన్నాడు మేనేజరు. వెనక రాసింది పైకి చదివాడు: "కెజియా పిల్చర్, హాక్స్‌టన్. పట్టు మా ఆయన పెళ్ళి కోటుది. తోలు మా ఆయన బూటు నాలుక. గుండీలూ ఆయనవే. ఆయన చీజులు తిప్పుతున్నంతసేపూ చేశాను."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. వేల్ గారు కూడా నవ్వారు. జాబెజ్ చెవులు రెండూ ఎర్రగా మండిపోయాయి. చేతిలో టోపీ ఉంది గనక సరిపోయింది, లేకపోతే ముఖం ఎక్కడ పెట్టుకునేవాడో.

"పాపం పిల్చర్ గారూ," అన్నాడు స్నెల్. "ఇంట్లో ఆడమనిషి చేతిలో ఓడిపోయారే."

జాబెజ్ తలెత్తాడు. బొమ్మ వైపు చూశాడు. ఆ సన్నని కోత చూశాడు, ఒక్క చోట కూడా వెంట్రుకవాసి తప్పలేదు. తను ఎన్ని ఏళ్ళు కూర్చున్నా అది తనకి రాదు. జిగినీ పని తెలిసినవాడు గనక ఆ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు. ఛాతీ దానంతట అదే పొంగింది.

"నేను ఓడిపోవడం ఏమిటయ్యా? నా బొమ్మ కుక్క తినేసింది, నేను పోటీలోనే లేను. ఓడింది నువ్వు! మూడేళ్ళ ముఖమల్ని, దేవదూతల్ని, అన్నిటినీ ఓడించింది ఎవరో తెలుసా? మా ఆవిడ! అదీ నా కోటుతో!"

అక్కడితో ఆగలేదు. రొట్టెలవాణ్ణి, బొగ్గులవాణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఏ గుండీ ఏ కోటుదో చూపించాడు. నమ్మనివాళ్ళకి బూటు విప్పి, నాలుక లేదని రుజువు చేశాడు. కెజియా సిగ్గుతో చచ్చిపోయింది. చచ్చిపోతూనే ఆ మాటలన్నీ ఒక్కటీ పోకుండా విన్నది.

ఇంటికి నడుస్తుంటే అడిగాడు: "నాకెందుకు చెప్పలేదే?"

"మీరు చెప్పారా?"

"జిగురు ఇంట్లోకి రాకూడదు కదా మరి?"

"ప్రమాణం చేసింది మీరు. నేను కాదుగా. శుభ్రంగా తుమ్మ జిగురే వాడాను." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది: "మూడేళ్ళుగా మీరు అంటించేది చూస్తుంటే నా చేతులు ఊరుకోలేదండీ. ఎంత చక్కటి బొమ్మలు, ఎంత పాడు చేసేవారో!"

తరవాతి వారం నుంచి కొట్టుకి కొత్త మనుషులు రావడం మొదలైంది. థియేటర్ హాల్లో పేరు చదివి వచ్చినవాళ్ళు. పైన బోర్డు మాత్రం అలాగే ఉంది.

"జిగినీ పిల్చర్ గారి కొట్టు ఇదేనా? మీరు కొడుకు గారా?" అని అడిగారు ఒకరు.

"కాదండీ," అన్నాడు జాబెజ్, ఛాతీ విరుచుకుని. "ఆవిడ మొగుణ్ణి."

కౌంటరు వెనక కెజియా ఇప్పుడు సొరుగులో దాచుకోకుండా, పైనే కొత్త బొమ్మ పరుచుకుని కూర్చుంది. ముక్కు ఎగబీల్చి మొగుడి వైపు చూసింది.

"ఏమండీ, కింద నుంచి ఏదో వాసన వస్తోంది. ఐదు నెలలు రోజూ తిప్పారు కదా, అసలు ఎన్ని దిమ్మలు తిప్పారు?"

జాబెజ్ పైకప్పు వైపు చూశాడు. తరవాత చొక్కా చేతులు పైకి మడుచుకుని మెట్లు దిగాడు. ఇరవై రెండు దిమ్మలు. అన్నిటికీ అడుగున బూజు గడ్డంలా పెరిగింది. ఒక్కొక్కటే ఎత్తి, తుడిచి, తిప్పాడు. ఏడో దిమ్మ దగ్గర ఆగి కింద నుంచే అరిచాడు.

"కెజీ! ఆ టోపీకి ఈక కాస్త ఎడమవైపు పెడితే..."

"మీరు చీజులు తిప్పండి!"

జాబెజ్ ఎనిమిదో దిమ్మ తిప్పాడు.